ఇస్కీమియా పరిశోధనలో చేరుతున్న అమ్మడికి

చిరంజీవి అమ్మడికి, పెదనాన్న ఆశీస్సులు.

మెదడుకీ గుండెకీ రక్తం తగ్గినప్పుడు, అంటే ఇస్కీమియాలో, కణాల్ని ఎలా కాపాడాలన్న దాని మీద పీహెచ్‌డీ చేస్తున్నావని మీ నాన్న చెప్పాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. గర్వంగా ఉంది, దిగులుగానూ ఉంది. ఆ దారిలో ఎందరు ఎన్నేళ్లు పోగొట్టుకున్నారో నాకు తెలుసు.

మామూలు సంగతులు నీకు చెప్పక్కర్లేదు. ఎథిక్స్ కమిటీ అనుమతి రానిదే జంతువును ముట్టుకోకు. నోట్‌బుక్ ఏ రోజుది ఆ రోజే రాయి. గణాంకాలు తెలిసినవాళ్లను ప్రయోగానికి ముందే కలువు.

నేను పట్టుబట్టేది ఉష్ణోగ్రత గురించి. ఇంత చిన్న విషయమా అనుకోకు. 1980ల చివర్లో ఎంకే-801 అనే మందు మీద అందరికీ బోలెడు ఆశ. రక్తం అందని మెదడులో గ్లూటమేట్ అనే రసాయనం పేరుకుపోయి కణాల్ని చంపుతుంది, ఈ మందు ఆ దారి మూసేస్తుంది. జెర్బిల్ ఎలుకల్లో కణాలు బతికాయి కూడా. 1990లో బుకన్, పల్సినెల్లి అనే పరిశోధకులు అదే మందిచ్చి, ఒళ్లు చల్లబడకుండా చూస్తే రక్షణ కాస్తా పోయింది. మందు వల్ల ఒళ్లు చల్లబడుతోంది, కణాల్ని కాపాడింది ఆ చల్లదనం! అప్పటికే 1987లో బస్టో బృందం హెచ్చరించింది: పురీషనాళంలో పెట్టిన, ఉష్ణోగ్రత కొలిచే ప్రోబు 36 డిగ్రీలు చూపిస్తున్నా, రక్తం ఆగిన మెదడు 30కి దిగిపోగలదు. రెండు డిగ్రీలు తగ్గినా నష్టం బాగా తగ్గుతుంది. మా గైడు గారు అందుకే తల దగ్గర ప్రోబు లేనిదే సర్జరీకి కూర్చోనిచ్చేవారు కాదు. ఆయన మీద విసుక్కునేవాణ్ణి. ఇప్పుడు ఆయన మాటలే నీకు చెబుతున్నాను. జంతువు మత్తు నుంచి లేచాక కూడా చాలాసేపు చూడాలి, ఇంటికి వెళ్లే తొందర పెట్టుకోకూడదు.

ఏ జంతువుకు ఏ మందు వెళ్లిందో కొలిచేవాళ్లకు తెలియకూడదు. నీకసలు తెలియకూడదు. నీకు పట్టుదల ఎక్కువ, అదే నా భయం. కావాలనుకున్న ఫలితం కంటికి ముందే కనబడిపోతుంది తల్లీ.

గుండె సంగతికొస్తే, 1986లో ముర్రీ, జెన్నింగ్స్, రైమర్ అనే పరిశోధకులు కుక్కల్లో గుండె రక్తనాళాన్ని నాలుగుసార్లు ఐదేసి నిమిషాలు మూసి తెరిచారు. ఆ తర్వాత 40 నిమిషాలు మూసినా, చచ్చిన కండరం, ముందు అలా చేయని కుక్కల్లో చచ్చినదాంట్లో నాలుగో వంతే. అద్భుతం! కానీ గుండెపోటు చెప్పి రాదు కదా. పోటు వచ్చాక చేతికి పట్టీ బిగించి వదులుతూ అదే మేలు తేవాలని చూసిన పెద్ద ట్రయల్ ఫలితం 2019లో వచ్చింది, లాభం కనబడలేదు. మన ఎలుకలు కుర్రవి, ఆరోగ్యమైనవి. రోగులు పెద్దవాళ్లు, బీపీ, షుగర్ ఉన్నవాళ్లు. ముసలి ఎలుకలు, షుగర్ ఉన్న ఎలుకలు ఖరీదైనా సరే, తెప్పించమని అడుగు.

మీ నాయనమ్మకు పక్షవాతంతో కుడిచేయి పడిపోయిననాటికి నువ్వు పసిదానివి. మెదడు రక్తనాళంలో అడ్డుపడిన రక్తపు గడ్డను క్యాథెటర్ అనే సన్నని గొట్టంతో బయటికి లాగే వైద్యం 2015 ట్రయల్స్ తర్వాత గానీ స్థిరపడలేదు, ఆవిడకు అందలేదు. ఇప్పటిదాకా నిలిచిన వైద్యం రక్తాన్ని మళ్లీ పారించడమే. నీ మందునూ రక్తం తిరిగొచ్చిన మెదడులోనే పరీక్షించు. ఆ పని ఎవరైనా సరిగ్గా చేస్తే చూడాలని నాకెంతో ఆశ.

ప్రోటోకాల్ చిత్తుప్రతి రాయగానే పంపు. ప్రోబు ఎక్కడ పెడతావో, ఎన్ని గంటలు చూస్తావో అందులో ఉండాలి. రాత్రి ల్యాబులో ఉండాల్సి వస్తే తిని కూర్చో.

పెదనాన్న