మెకానికల్ చదువుతూ జావా తలకెక్కడం లేదంటే

ఇబ్బంది జావాతో కాదు. మూడో ఏడాది మెకానికల్‌లో ఉండి, ఫ్రెండ్స్ చేరారని అమీర్‌పేటలో జావా (సాఫ్ట్‌వేర్ రాసే భాష) కోర్సులో చేరానని, అది తలకెక్కక టెన్షన్‌గా ఉందని అన్నారు. ఏ పనీ దగ్గరగా చూడకుండానే కోర్సు ఎంచుకున్నారు, అందుకే ఈ టెన్షన్.

1. ఇప్పుడే ఇంకో కోర్సుకు ఫీజు కట్టకండి.

2. చాలామంది వదిలేసేది ఇదే: పని జరిగేచోట ఒక రోజంతా ఉండండి. 1968లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ పెట్టిన హైదరాబాద్ బాలానగర్‌లో చిన్న వర్క్‌షాపులు బోలెడు. తెలిసిన సీనియర్‌తో అడిగించండి. నేనలా వెళ్లినరోజు, లేత్ (లోహాన్ని తిప్పుతూ చెక్కే యంత్రం) మీంచి నీలంగా మెలితిరిగి రాలే ఉక్కు చుట్టలు చూస్తూ భోజనం సంగతే మర్చిపోయాను.

3. సాఫ్ట్‌వేర్‌లో ఉన్న బంధువు పక్కనా ఒక రోజు కూర్చోండి. మీటింగులు, తప్పులు వెతకడం, అన్నీ చూడండి.

4. రెండు సాయంత్రాలూ "రేపు మళ్లీ వెళ్లాలనుందా?" అన్నదానికి జవాబు రాసుకోండి. రెండోచోట అవునని వస్తే జావా మానకండి.