మొదటి వానకు తొందరపడకు బిడ్డా

బిడ్డా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు మాదాపూర్‌లో ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేశావని, ఈ వానాకాలం నుంచే ఊళ్ళో ఆరెకరాలు నువ్వే చేస్తావని చెప్పి ఏడ్చింది. నేను ఏడవలేదు గానీ నాకు నిద్ర పట్టలేదు. నాలుగింటికే లేచి వనస్థలిపురంలో మా డాబా మీద నిలబడి ఆకాశం చూశాను, పొలం వదిలి పదేళ్ళయినా ఆ అలవాటు పోలేదు. మబ్బు లేదు. రోహిణి కార్తె కదా, ఆ వేళకు కూడా గాలి వేడిగానే కొట్టింది. మన ఇంట్లో పుట్టిన ఆడపిల్ల ఇంత చదువుకుని మళ్ళీ మన చెల్కలోకి, ఆ ఎర్ర ఇసుక నేలలోకి పోతానంటే నాకు ఎంత గర్వంగా ఉందో ముందు చెప్పనివ్వు. తిట్టేది తర్వాత తిడతాను.

నువ్వు పంపిన ఎక్సెల్ షీట్ మా వాడు ఫోన్‌లో పెద్దది చేసి చూపించాడు. బాగా చేశావు. కూలీలు, ఎరువులు, ట్రాక్టర్ కిరాయి ఏదీ మర్చిపోలేదు. పదేళ్ళ వాన లెక్కలు తీసి సరాసరి వేశావు, ఆ సరాసరికి ఎకరానికి పది క్వింటాళ్ళ పత్తి అని రాశావు. అక్కడే నా గుండె ఝల్లుమంది. సరాసరి వాన అనేది ఏ ఏడూ పడదు బిడ్డా. 2009 గుర్తుందా, నువ్వు అప్పటికి హైస్కూల్లో ఉన్నావు. ఆ జూన్‌లో దేశం మొత్తం మీద పడాల్సిన వానలో దాదాపు సగమే పడింది, నాట్లు పడక మనవాళ్ళు ఆకాశం వంక చూస్తూ కూర్చున్నారు. అదే ఏడు అక్టోబరు మొదట్లో కర్నూలు ఊరు ఊరే నీళ్ళలో మునిగింది, అలంపూర్ దిక్కు పొలాల మీద ఇసుక మేటలు పడ్డాయి. కరువు, వరద రెండూ ఒకే ఏడు. ఈ రెంటినీ కూడి భాగిస్తే నీ షీట్‌లో అంకె చక్కగానే కనిపిస్తుంది. 2023లో కూడా అంతే, జులైలో ఊళ్ళు మునిగేలా కొట్టిన వాన ఆగస్టులో మొహం చాటేసింది, 1901 నుంచి లెక్కలు చూస్తే దేశంలో అంత ఎండిన ఆగస్టు లేదన్నారు. పంటకు కావాల్సింది ఏడాదికి ఎన్ని మిల్లీమీటర్లు అనేది కాదు, ఏ వారంలో ఎంత అనేది.

మీ మామయ్య వ్యవసాయ శాఖ ఉద్యోగం పుణ్యమా అని నేను నాలుగు చోట్ల కాపురం చేశాను, నాలుగు రకాల ఆకాశాలు చూశాను. అనంతపురంలో ఉన్నప్పుడు ఏడాదికి పడేదే 550 మిల్లీమీటర్ల చిల్లర. పడమటి నుంచి వచ్చే వాన కనుమల అవతలే కురిసిపోతుంది, తూర్పు నుంచి వచ్చేది అక్కడికి చేరేసరికి అలిసిపోతుంది. అక్కడ వేరుశనగ పూత బాగా వచ్చి, పైరు పచ్చగా కళ్ళకు ఇంపుగా ఉండగా ఆగస్టులో మూడు వారాలు వాన ఎగ్గొడితే, పూత నుంచి దిగి నేలలో కాయగా మారాల్సిన ఊడలు గట్టిపడ్డ నేలలోకి దిగలేక గాల్లోనే వేలాడుతూ ఎండిపోయేవి. ఒక ఆమె నన్ను చేను మధ్యలో కూర్చోబెట్టి మొక్క పైకెత్తి చూపించింది, మేకుల్లాంటి ఊడలు నేలకు వేలెడు ఎత్తులో ఆగిపోయి ఉన్నాయి. పైరు ఉంది, కాయ లేదు.

అక్కడి నుంచి అమలాపురం వేశారు. నీళ్ళకు కొదవ లేని చోటు, ఇక భయమేముంది అనుకున్నాను. 1996 నవంబరు 6 రాత్రి ఆ తుఫాను వచ్చాక గానీ తెలియలేదు, అక్కడి రైతు భయపడేది వాన లేనందుకు కాదు, కోతకు వచ్చాక వచ్చే వానకు అని. తెల్లారి చూస్తే కొబ్బరి చెట్లు తలలు తెగి, వేళ్ళతో లేచి, ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. వరి నీళ్ళలో పడుకుని నాలుగు రోజులకు కంకిలోనే మొలకలు వేసింది. వరి పోతే మళ్ళీ ఏడు వేసుకోవచ్చు, కొబ్బరి మళ్ళీ కాపుకు రావాలంటే ఐదారేళ్ళు, మరి అన్నాళ్ళు ఏం తినాలి? ఆ తర్వాత ఆదిలాబాద్. నల్ల రేగడి, మన దగ్గర కంటే ఎంతో ఎక్కువ వాన. మన చెల్కలో పడితే పండగ చేసుకునే వాన అక్కడ పత్తి మొక్క కాళ్ళ దగ్గర వారం రోజులు నిలబడి వేరుకు గాలి ఆడకుండా చేస్తుంది, ఆకు ఎర్రబడి మొక్క తల వేలాడేస్తుంది. మనకు మంచి ఏడు వాళ్ళకు చెడ్డ ఏడు కావచ్చు. అందుకే యూట్యూబ్‌లో ఆదిలాబాద్ రైతు పన్నెండు క్వింటాళ్ళు తీశాడని చూసి దేవరకొండ చెల్కకు లెక్క కట్టొద్దు. ఆయన నేల నీళ్ళు దాచుకుంటుంది, మనది దాచుకోదు. మనకు పది రోజులు వాన లేక బెట్ట వస్తే చాలు, మధ్యాహ్నానికి ఆకు వాలిపోతుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఈ మాట ఇరవై ఏళ్ళకు పైగా నీకు చెప్పలేదు. మీ నాయన కూడా చెప్పి ఉండడు.

2002 జూన్. మామయ్యకు నల్గొండ బదిలీ అయింది, నేను ఊళ్ళోనే ఉండి మీ నాయనతో కలిసి సేద్యం మొదలుపెట్టి అప్పటికి ఒక్క ఏడే అయింది. మృగశిర కార్తె వచ్చిన నాలుగో రోజు రాత్రి ఉరుములతో వాన పడింది. మట్టి వాసనకు ఊరంతా లేచి వాకిళ్ళలోకి వచ్చింది. పొద్దున మామయ్య పెరట్లో పెట్టుకున్న వర్షమాపకం చూసి 22 మిల్లీమీటర్లు అని నోట్‌బుక్‌లో రాసుకున్నాడు. "ఇది దుమ్ము అణిగే వాన, అరవై దాటే దాకా గింజ ముట్టొద్దు" అని చెప్పి బస్సెక్కాడు. నేను విన్నాను. కానీ పది గంటలకల్లా చుట్టుపక్కల చేలన్నిట్లో పత్తి గింజ పెట్టడానికి అచ్చు తోలుతున్నారు. కూలీలు రేపు దొరకరన్నారు. మీ నాయన "ఆగుదాం అక్కా, బావ చెప్పిండు కదా" అన్నాడు. అందరూ వేస్తుంటే మనం చూస్తూ కూర్చుంటామా అని నేనే గద్దించాను. వాడు చిన్నప్పటి నుంచి నా మాట కాదన్నది లేదు. షాపులో అప్పు మీద విత్తన ప్యాకెట్లు తెచ్చి నాలుగెకరాలు ఆ రోజే పెట్టించేశాం.

తర్వాత వాన లేదు. గాలి మొదలైంది. మన చెల్క తడిసి ఆరితే పైన అప్పడంలా పెచ్చు కడుతుందని నాకు తెలియదు. ఎనిమిదో రోజు చేలో మొలకలు కనిపించకపోతే వంగి వేలితో ఒక గుంట తవ్వాను. గింజ ఉబ్బి పగిలి ఉంది. తెల్లటి మొలక పైకి రాబోయి పెచ్చు తగిలి వంకర తిరిగి, కొస కాలిన వత్తిలా నల్లబడింది. పక్కది తవ్వాను, అదీ అంతే. ఆ సాలు చివరి దాకా మోకాళ్ళ మీద పాకుతూ తవ్వుకుంటూ పోయాను. మీ నాయన గట్టు మీద నిలబడి ఏమీ అనలేదు.

అక్కడితో ఆగినా బాగుండేది. నెలాఖరుకు ఇంకో జల్లు పడితే, పోయింది ఎలాగైనా రాబట్టాలని మళ్ళీ అప్పు చేయించి మళ్ళీ పెట్టించాను. ఈసారి మొలిచింది. నాలుగాకుల దశలో జులై మొత్తం ఎండిపోయింది. ఆ జులైలో దేశమంతటా పడాల్సిన దాంట్లో సుమారు సగమే పడిందని తర్వాత తెలిసింది గానీ, ఆ తెలిసినదాంతో అప్పు తీరదు కదా. మిగిలిన మొక్కలకు అక్టోబరులో తీసిన పత్తి ఎకరానికి క్వింటం కూడా లేదు.

మీ బర్రెను అమ్మింది అందుకే. నీకు ఆరేళ్ళు. అంగడికి తోలుకుపోతుంటే పలుపు పట్టుకుని ఊరి చివర దాకా నడిచావు. వచ్చి నన్ను అడిగావు, "అత్తా, రేపు వస్తదా?" అని. వస్తది అన్నాను. మీ నాయన ఎప్పుడూ, ఇప్పటికీ, అది అక్క చేసిన పని అని ఎవరితోనూ అనలేదు. నువ్వు పొలం చేస్తానంటే వాడు వద్దనీ అనడం లేదు, సరే అనీ అనడం లేదని మీ అమ్మ చెప్పింది. వాడి నోటికి ఆ జులై అడ్డం పడుతోంది. వాడి మీద కోపం పెట్టుకోకు.

కాబట్టి విను. మృగశిర పేరు చూసి మురిసిపోకు, దాని తర్వాతి కార్తె గురించి ఆరుద్ర వాన అదను వాన అని పెద్దలు ఊరికే అనలేదు. అరవై నుంచి డెబ్బై ఐదు మిల్లీమీటర్లు పడ్డాకే పత్తి గింజ పెట్టు, వ్యవసాయ యూనివర్సిటీ వాళ్ళు చెప్పేదీ అదే. అది కూడా మండల కేంద్రంలో పడ్డ వాన కాదు, నీ చేలో పడ్డది. చెరువుకు అటు పక్క కురిసి ఇటు పక్క చుక్క పడని రోజులు మనకు ఎన్నో. వాన వెలిసిన మర్నాడు మూడు చోట్ల జానెడు లోతు తవ్వి, అడుగు మట్టి పిడికిట్లో నొక్కి చూడు. ముద్ద కట్టి నిలబడాలి. పొడిగా రాలిందంటే ఊరంతా వేస్తున్నా నువ్వు ఇంట్లో కూర్చో. నీకు టెన్షన్ వస్తుంది, ఆ రోజు నాకు వచ్చినట్టే వస్తుంది, అయినా కూర్చో. ఇంకోటి, రెండోసారి విత్తనానికి డబ్బు విడిగా పెట్టుకోకుండా మొదటి గింజ పెట్టొద్దు. నీ షీట్‌లో ఆ వరుస లేదు. జులై మూడో వారం దాటినా అదను రాకపోతే పత్తి మాటే మర్చిపోయి ఆముదమో కందో వెయ్యి. పత్తి వేసినా మధ్యలో కంది సాళ్ళు పెట్టు, ఒకటి పోతే ఒకటి నిలబడుతుంది.

భూసార పరీక్ష చేయించు. విత్తనం కొన్న రసీదు, ఖాళీ ప్యాకెట్ దాచుకో. మంగళవారం, శుక్రవారం వచ్చే వాతావరణ సలహా తప్పకుండా చూడు, మేఘదూత్ యాప్‌లో తెలుగులోనే వస్తుంది.

పత్తి పగిలాక అక్టోబరులో బంగాళాఖాతంలో అల్పపీడనం అన్నారంటే, కూలి ఎక్కువైనా సరే ముందే ఏరించు. తడిస్తే రంగు పోతుంది, తేమ 12 శాతం దాటితే పత్తి కొనే ప్రభుత్వ సంస్థ సీసీఐ కొనదు. 2020 అక్టోబరు 13న హైదరాబాద్‌లో ఒక్క రాత్రిలో ఎంత పడిందో నువ్వే చూశావు, మీ హాస్టల్ సెల్లార్ మునిగిందని నాకు ఫోన్ చేశావు కదా. ఆ మబ్బు మన ఊరి మీద నుంచీ పోతుంది.

బత్తాయి రెండెకరాలు అన్నావు, మంచిదే. కానీ దానికి చలికాలంలో నీళ్ళు ఆపి బెట్టకు వదిలితేనే ఒక్కసారిగా పూత వస్తుంది. ఆ మధ్యలో వాన పడిందంటే చెట్టు చెట్టుకూ పూత తీరు మారిపోతుంది, మేలో ఎండ ముదిరితే పిందె రాలుతుంది. దాని గురించి ఇంకోసారి కూర్చుని మాట్లాడదాం. బోరు నీళ్ళతో యాసంగి వరి మాత్రం వద్దు. ఏప్రిల్ ఎండకు గింజలో పగుళ్ళు వచ్చి మిల్లులో నూకవుతుంది, మిర్యాలగూడ మిల్లుల వాళ్ళు ధర తగ్గించేది అందుకే.

ఇది మాత్రం నాకు అన్నిటికంటే ముఖ్యం. ఉరుము వినపడిందంటే పని ఎక్కడిదక్కడ వదిలెయ్యి. మన చేను గట్టున వేపచెట్టు ఉందే, దాని కిందికి పోవద్దు. నాతో కలుపు తీసిన ఆమె వాన వస్తోందని కొంగు తల మీద వేసుకుని నవ్వుతూ ఆ చెట్టు కిందికే పరుగెత్తింది. నేను వెనకపడ్డాను కాబట్టి నీకు ఈ ఉత్తరం రాస్తున్నాను. దామిని యాప్ పెట్టుకో, పిడుగులు దగ్గర్లో ఉంటే ముందే చెప్తుంది. కూలీలను కూడా పంపించెయ్యి, సగం రోజు పని పోయినా పూర్తి కూలి ఇవ్వు. లేకపోతే వాళ్ళు ఆగిపోతారు.

ఆదివారం ఇంటికి రా. మామయ్య వర్షమాపకం తోమి పెట్టాను, ఆయన నోట్‌బుక్‌లు ఏడు ఉన్నాయి, అవి నీకే. మీ నాయననూ వెంట తీసుకురా, వాడికి ఇష్టమని సర్వపిండి చేస్తాను. వాడి ముందు బర్రె సంగతి ఎత్తకు, అది నేనే మాట్లాడతాను.

మొదటి వాన పడ్డ రాత్రి ఎంత పొద్దుపోయినా నాకు ఫోన్ చెయ్యి. ఎన్ని మిల్లీమీటర్లో చెప్పు.

మీ అత్త