అమ్మలో గెర్ట్రూడ్ కనిపిస్తోందా?

ప్రశ్న: నాన్న పోయి పది నెలలైంది. అమ్మ జుట్టుకు రంగేసుకుంటోంది, కొత్త చీరలు కొంటోంది. నాన్న స్నేహితుణ్ని పెళ్లి చేసుకుంటానంటోంది. నేను ఎం.ఏ. ఇంగ్లిష్ చదువుతున్నా. అమ్మకీ, షేక్‌స్పియర్ నాటకంలో హామ్లెట్ తల్లి గెర్ట్రూడ్‌కీ తేడా కనిపించడం లేదు. మూడు నెలలుగా మాటల్లేవు. కంచం కూడా నా గదిలోకే తెచ్చుకుంటున్నా.

జవాబు: తేడా చాలా ఉందమ్మా. భర్త పోయి రెండు నెలలైనా కాకుండానే గెర్ట్రూడ్ ఆయన తోడబుట్టినవాణ్ని పెళ్లాడింది. ఆ భర్తను చంపింది అతనే. ఆ హత్య సంగతి మాత్రం ఆమెకు తెలిసినట్టు నాటకంలో లేదు. 1603 నాటి ప్రతిలోనైతే తెలియదని ఒట్టే వేస్తుంది. ఆమె బలహీనత వేరే. ఇబ్బంది పెట్టేదాన్ని చూడదు, పక్కవాళ్లు ఏది చెబితే అది ఒప్పుకుంటుంది. కొడుకుతో మాట్లాడేటప్పుడు రాజుగారి మంత్రి పొలోనియస్‌ను తెర వెనక దాక్కోనిచ్చింది కూడా అలాగే.

సింగారం సంగతి చూడండి. మొహానికి రంగులు పూసుకుంటారని హామ్లెట్ మండిపడింది తను ప్రేమించిన ఒఫీలియా మీద. తల్లి మీది కోపం ఆ పిల్ల మీద పడింది. మీ కోపం ఇంట్లో ఇంకెవరి మీద పడుతోందో గమనించుకోండి. అమ్మ అద్దం ముందు నిలబడితే నాన్నను మర్చిపోయినట్టు కాదు.

మాట్లాడేముందు మూడో అంకం నాలుగో రంగం మళ్లీ చదవండి. ఇద్దరు భర్తల బొమ్మలూ చూపించి హామ్లెట్ తల్లిని నిలదీస్తాడు. మీరు నాన్న ఫోటో తెచ్చి పోల్చకండి. పోలిక మొదలైందంటే అమ్మ తనను తాను సమర్థించుకోవడంలోనే ఉండిపోతుంది. ఆ రంగంలో పనికొచ్చే మాట చివర్లో ఉంది: ఈ ఒక్క రాత్రికి కొత్త భర్తకు దూరంగా ఉండు, మర్నాడు కాస్త తేలికవుతుంది అంటాడు. మీరూ ఒక్కటే అడగండి. "అమ్మా, నాన్న సంవత్సరీకం అయ్యేదాకా ముహూర్తం పెట్టుకోకు." అంతే. ఇద్దరే ఉన్నప్పుడు అడగండి. మేనత్తను పక్కగదిలో కూర్చోబెట్టొద్దు, ఫోన్ స్పీకర్‌లో పెట్టొద్దు. తెర వెనక ఉన్న పొలోనియస్ హామ్లెట్ కత్తికి బలయ్యాడని మీకు తెలుసు.

హామ్లెట్ కోపంలో, బాబాయి ఎక్కి కూర్చోవడంతో చేజారిన సింహాసనం కూడా ఉంది. మీకూ ఇంటి గురించి దిగులుంటే దాన్ని వేరుగా తేల్చుకోండి. వీలునామా లేకపోతే, హిందూ వారసత్వ చట్టం ప్రకారం నాన్న స్వార్జితంలో అమ్మకూ, పిల్లలకూ, నానమ్మ ఉంటే ఆమెకూ సమాన వాటాలు. అమ్మ పెళ్లి చేసుకున్నంత మాత్రాన మీ వాటా తగ్గదు.

ఆమె కుదరదంటే ఆ పూటకు వాదించకండి. కంచం గదిలోకి మోసుకెళ్లకుండా అమ్మ పక్కనే కూర్చుని తినండి.