పంట బీమా దండగ అనే ముందు ఇది చదువు అల్లుడూ

అల్లుడూ,

మీ అమ్మ నిన్న ఫోన్లో చెప్పింది, పోయినేడు కట్టిన ప్రీమియం పైసా తిరిగి రాలేదని ఈసారి పంట బీమా కట్టనే కట్టనన్నావంట. కోపం రావడంలో తప్పులేదులే, నీ చేలో శెనక్కాయ ఊడలు దిగే టైంకి బెట్ట పట్టి నేల గట్టిపడిపోతే ఊడ లోపలికి దిగక పైనే వేలాడి ఎండిపోయిందని నేనూ చూశా కదా. అంత నష్టపోయినోడికి ఏమీ రాకపోతే కడుపు మండుద్ది. కానీ ఎందుకు రాలేదో తెలుసుకోకుండా మానేస్తే మాత్రం నష్టం నీకే, అందుకే కూర్చుని ఇదంతా టైప్ చేస్తున్నా, కొంచెం పెద్దదే అయ్యింది, ఓపిగ్గా చదువు.

ముందు ఆ డబ్బు లెక్క చూడు. కేంద్రం పెట్టిన పంట బీమా స్కీమే ఫసల్ బీమా, దాని కింద ఖరీఫ్‌లో ఆహార పంటలు, నూనె గింజలకి రైతు కట్టేది బీమా మొత్తంలో, అంటే పంట అంతా పోతే ఎకరాకి ఇచ్చే డబ్బులో 2 శాతం, రబీలో ఒకటిన్నర శాతం, పత్తి లాంటి వాణిజ్య పంటలు, తోటలకైతే 5 శాతం. ఎకరాకి బీమా మొత్తం 20 వేలు అనుకో, నీ జేబులోంచి పోయేది 400. కానీ కంపెనీ ఆ పంటకి, ఆ జిల్లాకి అడిగే అసలు ప్రీమియం ఏ 12 శాతమో ఉందనుకో, అంటే 2,400, ఆ మిగతా 2 వేలు కేంద్రం వెయ్యి, రాష్ట్రం వెయ్యి కడతాయి. ఈ స్కీముకి, వాతావరణ బీమాకి కలిపి 2021-22 నుంచి 2025-26 దాకా 69,515 కోట్లకి కేంద్ర కేబినెట్ ఓకే చెప్పింది. అంత డబ్బు మన పేరు మీద ఖర్చవుతుంటే మన వంతు 400 మిగుల్చుకోవడం తెలివి కాదని నేనంటా. కరువు జిల్లాల్లో అసలు ప్రీమియం ఇంకా ఎక్కువుంటది, సబ్సిడీ లేకుండా సొంతంగా కొనుక్కోమంటే చిన్న రైతు ఎవడూ కొనలేడు.

ఇక నీకెందుకు రాలేదు. ఈ బీమా నీ చేనుకి కాదురా, ఊరికి. ఇదొక్కటి బుర్రకెక్కితే సగం గొడవ తీరిపోద్ది. కొన్ని పంటలకి ఊరు యూనిట్, కొన్నిటికి మండలం యూనిట్, ఆ యూనిట్ మొత్తం యావరేజ్ దిగుబడి ఎంత పడిపోయిందో దాన్ని బట్టే అందరికీ ఒకే శాతం వస్తది. గడిచిన 7 ఏళ్ళలో బాగా పండిన 5 ఏళ్ళ యావరేజ్ తీసుకుని, దాన్ని 70 శాతమో 80 శాతమో 90 శాతమో, ఆ పంటకి ఎంత పెట్టారో అంతకి తగ్గించి ఒక హద్దు పెట్టుకుంటారు. ఈ ఏడు యావరేజ్ ఆ హద్దు కన్నా ఎంత శాతం కిందకి పోతే బీమా మొత్తంలో అంత శాతం ఇస్తారు. హద్దు ఎకరాకి 400 కిలోలు ఉండి ఊరి యావరేజ్ 240 వచ్చిందంటే 40 శాతం లోటు, 20 వేలకి 8 వేలు. అదే యావరేజ్ 410 వస్తే నీ చేలో గడ్డిపోచ మిగలకపోయినా సున్నా. ఇది అన్యాయమే, నేను కాదనను, గట్టుకి అటు వాన పడి ఇటు పడని ప్రాంతం మనది. కానీ ప్రతి రైతు చేనూ తిరిగి లెక్క కట్టాలంటే అయ్యే పని కాదు గనక ఇలా పెట్టారు.

ఆ యావరేజ్ ఎట్లా వస్తదో పోయి చూడు ఒకసారి, పంట కోత ప్రయోగం అంటారు. సర్వే నంబర్లు ర్యాండమ్‌గా తీస్తారు, ఆ చేలోకి పోయి ఎక్కువ పంటలకి 5 మీటర్లు ఇంటూ 5 మీటర్లు కొలిచి నాలుగు మూలలా మేకులు కొట్టి తాడు కడతారు, ఆ తాడు లోపలున్న పంట మాత్రమే కోసి గింజ కొట్టి అక్కడే తూకం వేస్తారు, ఆరాక మళ్ళీ తూకం. ఊరు యూనిట్ అయితే ముఖ్యమైన పంటకి కనీసం 4 చోట్ల చేయాలి. ఆ రోజు ఊళ్ళో రైతులు దగ్గరుండి చూడటం మంచిది, గొడవ పడమని కాదు, తాడు ఎక్కడ కట్టారో, తూకం ఎంత రాశారో నలుగురికీ తెలుస్తది. మనోళ్ళు మాత్రం ఆ రోజు ఎవరి పనుల్లో వాళ్ళుండి డబ్బు రాని రోజు మాత్రం ఆఫీసు ముందు గుమికూడతారు.

ఇంకో రకం ఉంది, వాతావరణ బీమా. అనంతపురం లాంటి జిల్లాల్లో శెనక్కాయని దీని కింద పెట్టిన సీజన్లు ఉన్నాయి. ఇందులో కోతలు, తూకాలు ఉండవు, నోటిఫై చేసిన వెదర్ స్టేషన్లో వాన ఎంత పడింది, వరసగా ఎన్ని రోజులు పడలేదు, ఎండ ఎంత కాసింది అనే లెక్క మీదే డబ్బు. ఎవడూ చేను చూడటానికి రాడు, నువ్వు అప్లికేషన్ పెట్టక్కర్లేదు. దేశంలో ఈ పద్ధతి మొదలైంది కూడా మన తెలుగు నేల మీదే, 2003లో మహబూబ్‌నగర్ జిల్లాలో చిన్న అప్పులిచ్చే బేసిక్స్ సంస్థ, ఐసీఐసీఐ లాంబార్డ్ బీమా కంపెనీ కలిసి శెనక్కాయ, ఆముదం రైతులకి వాన లెక్కన అమ్మారు. దీనికీ అదే జబ్బు, స్టేషన్ మీద వాన పడి నీ చేను మీద పడకపోతే లెక్కలో నువ్వు బాగున్నట్టే. కాబట్టి నీ పంట ఏ స్కీమ్ కింద ఉంది, యూనిట్ ఊరా మండలమా, వాతావరణ బీమా అయితే ఏ స్టేషన్ లెక్క అనేది సీజన్ మొదట్లోనే రైతు సేవా కేంద్రంలో అడిగి ఫోన్లో రాసి పెట్టుకో. పోయినేడు నువ్వు ఇవి అడగలేదు కదా, నాకు తెలుసు.

ప్రతి సీజన్ కొత్తగా అడగాల్సిందే, పోయినేడు ఉంది కాబట్టి ఈ ఏడూ ఉంటదని అనుకోవద్దు. మన ఆంధ్రా 2020లో ఫసల్ బీమాలోంచి బయటికొచ్చి ఫ్రీ బీమా సొంతంగా నడిపింది, 2022 ఖరీఫ్‌లో మళ్ళీ చేరింది, 2024-25 రబీ నుంచి రైతు వాటా రైతే కట్టుకోవాలని మార్చారు. ఈ రాకపోకలకి కారణం కూడా డబ్బే, ఒకటి ఆలోచించు, కేంద్రం 2020 నుంచి ఒక హద్దు పెట్టింది, నీళ్ళ వసతి లేని చోట ప్రీమియం 30 శాతం దాటినా, ఉన్న చోట 25 శాతం దాటినా ఆ పైది తన వాటాలో లెక్కేసుకోదు. మెట్ట జిల్లాల్లో ప్రీమియం ఎక్కువ, భారం రాష్ట్రం మీద పడుద్ది, అందుకే రాష్ట్రాలు పంటల్ని, స్కీముల్ని అటూ ఇటూ మారుస్తుంటాయి. మనం పేపర్లో రాజకీయం చదివి ఊరుకుంటాం, అసలు విషయం ఇదీ.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది. ప్రీమియం కట్టడానికి కటాఫ్, అంటే ఆఖరు తేదీ, ఖరీఫ్‌కి మామూలుగా జూలై 31, రబీకి డిసెంబర్ 31, పంటని బట్టి ముందే ఉండొచ్చు కూడా, ప్రతి సీజన్‌కి రాష్ట్రం ఇచ్చే నోటిఫికేషన్లో ఉన్న తేదీనే తేదీ. చివరి రోజు దాకా ఆగొద్దు, ఆ రోజు సర్వర్ పడుకుంటది. వాన వస్తే కడదాం, రాకపోతే చూద్దాం అనే బేరం కూడా పనికిరాదు, ఎందుకంటే వాన లేక యూనిట్లో 75 శాతం కన్నా ఎక్కువ విస్తీర్ణంలో విత్తనమే పడకపోతే బీమా మొత్తంలో 25 శాతం ఇస్తారు, కానీ అది ముందే కట్టినోళ్ళకే. పంట మధ్యలో కరువొచ్చి దిగుబడి హద్దులో సగం కూడా రాదని తేలితే రావాల్సిన దాంట్లో 25 శాతం ముందుగా ఇచ్చే ఏర్పాటు కూడా ఉంది, అదీ అంతే.

లోన్ ఉంది కదా నీకు, బ్యాంకులోనే కట్ చేస్తారు. 2020 నుంచి లోన్ రైతులకి కూడా ఇది కంపల్సరీ కాదు, వద్దంటే కటాఫ్‌కి 7 రోజుల ముందు రాసివ్వాలి, నువ్వు మాత్రం రాసివ్వకు. నువ్వు చూడాల్సింది వాళ్ళు ఏ పంట పేరు మీద కట్ చేశారనేది. లోన్ తీసుకునేటప్పుడు శెనక్కాయ అని రాయించి, వానలు లేటై కంది వేస్తావు, ఏ చేలో ఏ పంట ఉందో ప్రభుత్వం ఎక్కించుకునే ఈ-క్రాప్‌లో కంది, బ్యాంకులో శెనక్కాయ, క్లెయిమ్ దగ్గరకొచ్చేసరికి రెండూ కలవవు. పంట మారిస్తే కటాఫ్‌కి కనీసం రెండు పనిదినాల ముందే బ్యాంకుకి పోయి మార్పించి కాగితం తెచ్చుకో. బ్యాంకు తప్పు వల్ల క్లెయిమ్ పోతే బ్యాంకే కట్టాలని రూల్ ఉంది, కానీ తప్పు వాళ్ళదని నిరూపించాలంటే నీ దగ్గర కాగితం ఉండాలి కదా. ఈ-క్రాప్ అయ్యాక వేలిముద్ర వేసి రసీదు తీసుకో, అందులో సర్వే నంబరు, విస్తీర్ణం, పంట మూడూ పాస్‌బుక్కుతో పోల్చి చూడు. ఆధార్ ఏ అకౌంట్‌కి లింకయ్యిందో కూడా చూసుకో, ఎప్పుడో వాడి వదిలేసిన పాత అకౌంట్లో డబ్బు పడి ఉంటే తెలియను కూడా తెలియదు. లోన్ లేని పొలం చెక్కకి కామన్ సర్వీస్ సెంటర్లో కట్టొచ్చు, ప్రీమియం తప్ప వాడికి ఇంకేమీ ఇవ్వక్కర్లేదు.

పైన ఊరి యావరేజ్ అని చెప్పా కదా, దానికి మినహాయింపు ఉంది, ఇది మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకో. వడగళ్ళు, నీట మునక, కొండచరియలు, కుంభవృష్టి, పిడుగు పడి నిప్పంటుకోవడం, ఇలాంటి వాటికి నీ చేను వరకే చూసి ఇస్తారు. అలాగే కోసి చేలోనే పనల మీద ఆరబెట్టిన పంట 14 రోజుల్లోపు తుఫాను వానకో అకాల వానకో పాడైతే కూడా. కానీ 72 గంటల్లో నువ్వే చెప్పాలి, ఎవడో వచ్చి చూస్తాడని కూర్చుంటే పోయింది. 14447కి ఫోన్ చెయ్, లేదా క్రాప్ ఇన్సూరెన్స్ యాప్‌లో పెట్టు, వ్యవసాయ సహాయకుడికీ బ్యాంకుకీ కూడా చెప్పు, వాళ్ళిచ్చిన నంబరు రాసుకో. ఫోటోలు లొకేషన్ ఆన్ చేసి తీయి, దగ్గరగా ఒకటి, చేను మొత్తం కనిపించేలా ఒకటి, సర్వే రాయో కరెంటు స్తంభమో పక్కన పడేలా ఒకటి. సర్వేకి వచ్చేదాకా చేను దున్నేయకు. వరికి నీట మునక కవర్ 2018లో తీసేశారు, 2026 ఖరీఫ్ నుంచి మళ్ళీ పెడుతున్నామని, అడవి జంతువుల నష్టం కూడా కలుపుతున్నామని కేంద్రం చెప్పింది, మన దగ్గర అమలయ్యిందా లేదా అనేది నోటిఫికేషన్లో చూడు, ఆ కొండ కింద చెక్కకి పందుల బెడద ఉంది కదా నీకు.

కరువు మండలం అని ప్రకటించారంటే బీమా వచ్చేసినట్టే అని ఊళ్ళో అంటుంటారు, నమ్మొద్దు. ఆ ప్రకటన వల్ల వచ్చేది ఇన్‌పుట్ సబ్సిడీ, పంట 33 శాతం, ఆపైన పోయినోళ్ళకి ప్రభుత్వం ఇచ్చేది, దాని లిస్టు వేరు, బీమా లెక్క వేరు. ఒకటి వచ్చిందని ఇంకోటి ఆగదు కూడా. తెలంగాణలో మన చుట్టాలు చెప్పే రైతు బీమా అయితే అసలు పంటకే సంబంధం లేదు, అది రైతు చనిపోతే కుటుంబానికిచ్చే 5 లక్షలు.

డబ్బు లేటవుద్ది, అది మాత్రం ముందే మనసుకి చెప్పుకో. దిగుబడి లెక్కలు చేరాలి, రాష్ట్రం తన వాటా కట్టాలి, అప్పుడు కదుల్తది. కంపెనీ వల్ల లేటైతే 12 శాతం వడ్డీతో ఇవ్వాలని రూల్ ఉంది, అడిగినోళ్ళు తక్కువ. ఈ డబ్బుని నమ్ముకుని వచ్చే సీజన్ విత్తనాలు, ఎరువులు ప్లాన్ చేసుకోవద్దు, అప్పు కొంత తీర్చుకోవడానికి పనికొచ్చే డబ్బు ఇది, అంతకు మించి ఆశ పెట్టుకోకు. నాలుగు మంచి సంవత్సరాలు ప్రీమియం పోయిందని ఏడ్చేవాడు బీమా కాదు, చిట్టీ కట్టుకోవాలి.

ఇక ఆ కౌలు పొలం సంగతి. నువ్వు సాగు చేస్తావు, కాగితాల్లో ఓనర్ పేరుంటే డబ్బు ఆయనకి పోద్ది, ఆయన మంచోడే కావచ్చు, అయినా వచ్చిన డబ్బు తిరిగి ఇవ్వమని అడగటం ఎవరికీ బాగుండదు. సాగుదారు హక్కు కార్డు తీసుకో, సీసీఆర్సీ అంటారు, 11 నెలలు చెల్లుద్ది, దాని మీద ఈ-క్రాప్ నీ పేరుకి ఎక్కుద్ది, బీమా నీ పేరు మీద కట్టొచ్చు. చిక్కల్లా ఓనర్ సంతకం, భూమి పోద్దేమోనని భయపడతారు. కార్డు వల్ల భూమి మీద ఏ హక్కూ రాదు, పంట మీద మాత్రమే అని చట్టంలోనే ఉందని ఆయనకి చెప్పాలి, నువ్వు చెప్తే కుర్రోడివని వినడు. ఆదివారం ఆయన ఇంట్లో ఉంటాడంట, నేను పొద్దున్నే వస్తా, ఇద్దరం కలిసి పోదాం, పాస్‌బుక్కు జిరాక్స్, ఆధార్ నువ్వు రెడీగా పెట్టుకో.

మీ మామ