గంజి పడి బాబు చెయ్యి కాలింది.. మచ్చ పోవడానికి ఏ క్రీమ్ రాయాలి?

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. మా మూడేళ్ల బాబు కుడి చేతి మీద నాలుగు రోజుల క్రితం మరిగే గంజి పడింది. వెంటనే మా అత్తగారు టూత్‌పేస్ట్ రాశారు. బొబ్బలు పగిలాయి. మెడికల్ షాపులో ఇచ్చిన ట్యూబ్ రాస్తూ, ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ సిరప్ పడుతున్నాం. నిన్నటి నుంచి కొంచెం జ్వరం. పిడికిలి తెరవనివ్వడం లేదు. మచ్చ పడకుండా ఏ క్రీమ్ వాడాలి?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, మచ్చ సంగతి తర్వాత. పిడికిలి తెరవడం లేదని, జ్వరం వచ్చిందని చివర్లో మామూలుగా రాశారు. నాకు టెన్షన్ పెట్టినవి ఆ రెండే. జ్వరం వచ్చిందంటే పుండులో ఇన్ఫెక్షన్ చేరి ఉండొచ్చు. ఇక వేళ్లు ముడుచుకుని ఉండగానే పుండు మానితే చర్మం బిగుసుకుపోయి తర్వాత చాపలేడు, ఆపరేషన్ దాకా వెళ్లొచ్చు. ఏ వేలికి ఆ వేలు విడిగా కట్టు కట్టాలి. అది ఇంట్లో అయ్యే పని కాదు.

చూడకుండా ఎంత లోతు కాలిందో చెప్పలేను. ఇది చదవగానే జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్లండి. విశాఖో, పార్వతీపురమో వీలు చూసుకుని వెళ్దాంలే అని ఆగొద్దు. అవసరమైతే వాళ్లే పంపిస్తారు. టీకాల కార్డు, ఆ ట్యూబు, సిరప్ సీసా వెంట ఉంచుకోండి. బాబు మగతగా ఉన్నా, మూత్రం తగ్గినా, పుండు వాసన వస్తున్నా 108కి ఫోన్ చేయండి.

ఆ సిరప్ గురించి ఒక మాట చెప్పక తప్పదు. అది ఇంకెప్పుడో, ఇంకో జబ్బుకు, అప్పటి బరువుకు రాసిన మందు. మూత తీసి రోజులు గడిచాక ఎలా పనిచేస్తుందో చెప్పలేం. షాపుల్లో అడగ్గానే ఇచ్చే కొన్ని ట్యూబుల్లో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది, పచ్చి పుండు మీద అది చెడు చేస్తుంది. నాలుగు రోజులు షాపు మందుతో నెట్టుకొచ్చారు, ఇక చాలు.

పెద్దావిడను తప్పుపట్టకండి, కంగారులో చాలామంది చేసేదే. కానీ పేస్టు, పసుపు, ఇంకు, ఐసు ఏదీ వద్దు. ఎండిన పేస్టును తడిపి తీస్తుంటే బొబ్బ పొర కూడా ఊడివస్తుంది, పిల్లలు గిలగిల్లాడతారు. కాలిన వెంటనే కుళాయి కింద 20 నిమిషాలు మామూలు చల్లటి నీళ్లు పోసి, శుభ్రమైన గుడ్డ కప్పి తీసుకురావాలి. మూడు గంటల్లోపు ఎప్పుడు పోసినా ఎంతో కొంత మేలే.

గంజి నేల మీద వార్చొద్దు. వార్చేటప్పుడు పిల్లాణ్ణి ఎవరైనా ఎత్తుకోవాలి. స్నానానికి బకెట్లో ముందు చన్నీళ్లు పోసి, ఆ తర్వాతే వేణ్నీళ్లు కలపండి. కిరోసిన్, ఫినాయిల్ కూల్‌డ్రింక్ సీసాల్లో పోసి ఉంచితే ఈరోజే తీసేయండి.

మీరడిగిన క్రీమ్: పుండు పూర్తిగా మూసుకున్నాక వాసన లేని మాయిశ్చరైజర్ చాలు, కొన్ని నెలలు ఎండ తగలనివ్వకండి. మచ్చ ఉబ్బెత్తుగా వస్తుంటే సిలికాన్ జెల్ అవసరమో కాదో చూసిన డాక్టరే చెబుతారు.