అమెరికాలో మొదటి ప్రీపెయిడ్ ఫోన్ ప్లాన్: ధర కంటే ముందు చూడవలసినవి

ప్రశ్న: ఆగస్టులో మాస్టర్స్ చదువు కోసం టెక్సాస్‌లోని డెంటన్‌కు వస్తున్నాను. హైదరాబాద్‌లో కొన్న ఫోన్‌నే వెంట తెచ్చుకుంటున్నాను. నెలకు 20 డాలర్లకు మించకుండా ఏ ప్రీపెయిడ్ ప్లాన్ తీసుకోమంటారు? సీనియర్లు తలా ఒక పేరు చెబుతున్నారు.

జవాబు: మీ సీనియర్లు తలా ఒక పేరు చెప్పడంలో తప్పేమీ లేదు. ఎవరి ఇంట్లో ఏది పనిచేసిందో, ఎవరి ఫోన్‌కు ఏది సరిపోయిందో వారు అదే చెబుతారు. నేను డాలస్ ప్రాంతంలో 2007 నుంచి ఉంటున్నాను. ఏటా వేసవిలో ఊరి నుంచి వచ్చే పిల్లలకు సిమ్ వేయించి పెడుతూనే ఉన్నాను. ఈ అనుభవంతో చెబుతున్నాను: మీరు ఉండబోయే ఇంట్లో ఏ నెట్‌వర్క్ అందుతుంది, మీ చేతిలోని ఫోన్ ఆ నెట్‌వర్క్‌ను పట్టుకోగలదా అన్న రెండు సంగతులు తేలిన తరువాతే ధర గురించి ఆలోచించండి. ఈ రెండూ సరిపడితే మీరు అనుకున్న 20 డాలర్లలో మంచి ప్లానే దొరుకుతుంది.

కొత్తగా వచ్చినవారికి ప్రీపెయిడ్ సరైనదనడంలో నాకు సందేహం లేదు. పోస్ట్‌పెయిడ్ కనెక్షన్ ఇచ్చే ముందు కంపెనీలు సాధారణంగా క్రెడిట్ హిస్టరీ (ఇక్కడ అప్పులు, బిల్లులు సరిగా కట్టిన చరిత్ర) చూస్తాయి, సోషల్ సెక్యూరిటీ నంబర్ (ఇక్కడి ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు సంఖ్య) అడుగుతాయి. దిగిన వారంలో మీ దగ్గర ఈ రెండూ ఉండవు. ప్రీపెయిడ్‌లో ముందే డబ్బు కడతారు కాబట్టి ఆ పరిశీలన ఉండదు, ఒప్పందమూ ఉండదు, నచ్చకపోతే వచ్చే నెల మానేయవచ్చు.

ఇక్కడ కనిపించే కంపెనీల పేర్లు లెక్కలేనన్ని ఉన్నా, దేశమంతటా సొంత నెట్‌వర్క్ ఉన్న పెద్ద సంస్థలు మూడే: వెరైజన్, ఏటీ అండ్ టీ, టీ-మొబైల్. స్ప్రింట్ అనే నాలుగవ సంస్థ 2020 ఏప్రిల్‌లో టీ-మొబైల్‌లో కలిసిపోయింది. మిగిలిన చౌక కంపెనీలలో చాలావరకు ఈ మూడింటి దగ్గర టోకున కొని మనకు చిల్లరగా అమ్మేవే, లేదా వాటి సొంత ఉపశాఖలే. మింట్, టెల్లో, మెట్రో అనేవి టీ-మొబైల్ టవర్ల మీద నడుస్తాయి. క్రికెట్ ఏటీ అండ్ టీకి చెందినది, విజిబుల్ వెరైజన్‌కు చెందినది. యూఎస్ మొబైల్ అనే సంస్థ మూడు నెట్‌వర్క్‌లలో మనకు కావలసినది ఎంచుకోనిస్తుంది. కాబట్టి ఎవరైనా ఒక ప్లాన్ బాగుందంటే, అది ఎవరి టవర్ల మీద నడుస్తుందని మొదట అడగండి.

ఇప్పుడు ఫోన్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లలో చాలామంది ఇక్కడే ఇబ్బంది పడుతున్నారు. రెండేళ్ల కిందట మా పెద్దమ్మ మనవడు మీ డెంటన్‌కే వచ్చాడు. రూమ్మేట్లందరూ వాడుతున్న, టీ-మొబైల్ టవర్ల మీద నడిచే కంపెనీ సిమ్మే తీసుకున్నాడు. వాళ్ల ఫోన్లకు నిండా సిగ్నల్ ఉంటే, వీడు మాట్లాడాలంటే కిటికీ పక్కకు వెళ్లి నిలబడవలసి వచ్చేది, పడకగదిలోకి వస్తే ఆ ఒక్క గీత కూడా పోయేది. సిమ్ పాడైందనుకొని మరొకటి తెప్పించాడు, అదీ అంతే. ఒక ఆదివారం మా ఇంటికి వచ్చినప్పుడు వంటింటి బల్ల దగ్గర కూర్చొని ఆ ఫోన్ మోడల్ వివరాలు వెతికి, అది అందుకునే బ్యాండ్ల, అంటే సిగ్నల్ వచ్చే రేడియో తరంగాల శ్రేణుల, జాబితా చూశాము. టీ-మొబైల్ ఇళ్ల లోపలికీ దూరాలకూ సిగ్నల్ చేర్చడానికి ముఖ్యంగా ఆధారపడే బ్యాండ్ 71, బ్యాండ్ 12 రెండూ అందులో లేవు. మన దేశంలో 4జీకి ఎక్కువగా వాడే 3, 5, 40 వంటి బ్యాండ్లు మాత్రం ఉన్నాయి. భారతదేశంలో అమ్మే ఫోన్లను, ముఖ్యంగా తక్కువ ధర ఫోన్లను, అక్కడి టవర్లకు తగినట్టే తయారు చేస్తారు కాబట్టి ఇందులో ఫోన్ లోపమూ లేదు, సిమ్ లోపమూ లేదు. ఆ రాత్రే వాడికి మరో నెట్‌వర్క్ మీద ఈసిమ్ (కార్డు లేకుండా ఫోన్‌లోనే నమోదయ్యే సిమ్) వేయించాము. ఫోన్ మార్చకుండానే పడకగదిలోకి సిగ్నల్ వచ్చింది.

అందువల్ల మీరు బయలుదేరకముందే, హైదరాబాద్‌లో ఉండగానే, ఫోన్‌లో *#06# నొక్కండి. తెర మీద కనిపించే 15 అంకెల ఐఎంఈఐ నంబర్‌ను (ఒక్కో ఫోన్‌కు ఉండే గుర్తింపు సంఖ్య) రాసుకొని, మీరు అనుకుంటున్న కంపెనీ వెబ్‌సైట్‌లో సొంత ఫోన్ తెచ్చుకునేవారి కోసం ఉంచిన పరీక్షలో వేసి చూడండి. ఇక్కడ పాత 3జీ సేవలను మూడు సంస్థలూ 2022లో ఆపేశాయి. కాల్స్ కూడా 4జీ మీదే, అంటే వోల్టే ద్వారానే వెళతాయి. డేటా వస్తూ కాల్ మాత్రం కలవని ఫోన్లను నేను చూశాను, కారణం ఇదే. ఏటీ అండ్ టీ ఈ విషయంలో మరింత కచ్చితంగా ఉంటుంది, తాను ఆమోదించిన మోడళ్ల జాబితాలో లేని ఫోన్‌ను నెట్‌వర్క్‌లోకి రానివ్వకపోవచ్చు. ఫోన్‌లో ఈసిమ్ సౌకర్యం ఉందో లేదో కూడా అప్పుడే చూసుకోండి. ఉంటే ఇండియా సిమ్‌ను దాని చోటులోనే ఉంచి అమెరికా నంబర్‌ను ఈసిమ్‌గా పెట్టుకోవచ్చు. కొత్త ఫోన్ ఇక్కడే కొనాలనుకుంటే, ప్రీపెయిడ్ కంపెనీలు తక్కువ ధరకు ఇచ్చే ఫోన్లు చాలావరకు ఆ కంపెనీకే లాక్ అయి ఉంటాయని గుర్తుంచుకొని, అన్‌లాక్ నిబంధన చదివిన తరువాతే కొనండి.

సిగ్నల్ విషయంలో కంపెనీల మ్యాపుల కంటే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ నిర్వహించే జాతీయ బ్రాడ్‌బ్యాండ్ మ్యాప్ మేలు. మీ అపార్ట్‌మెంట్ చిరునామా వేస్తే మూడు నెట్‌వర్క్‌లనూ పక్కపక్కన పోల్చి చూడవచ్చు. అయితే ఆ మ్యాప్ చూపేది ఆరుబయటి సిగ్నలే, గోడల లోపలి సంగతి అది చెప్పదు. అందుకోసం కొన్ని కంపెనీలు ఈసిమ్ ద్వారా కొద్ది రోజులు ఉచితంగా వాడి చూడనిస్తాయి. అది దొరికితే ఇంట్లో, తరగతి గదిలో, రోజూ వెళ్లే దారిలో పరీక్షించండి. దొరకకపోతే ఒక్క నెలకు మాత్రమే ప్లాన్ కొనండి. ఏడాదికి కడితే చౌక అన్నది నిజమే గాని, ఇంట్లో పనిచేయని సిమ్‌కు ఏడాది డబ్బు ముందే కట్టిన విద్యార్థి బాధ నేను దగ్గర నుంచి చూశాను.

చౌక ప్లాన్‌కూ ఖరీదైన ప్లాన్‌కూ ఒకే టవర్ అయినప్పుడు తేడా ఏమిటని మీకు అనుమానం రావచ్చు. ప్రధానమైన తేడా రద్దీలో తెలుస్తుంది. తిరుమలలో జనం పెరిగినప్పుడు ప్రత్యేక ప్రవేశం వారిని వదిలి సర్వదర్శనం వారిని కంపార్ట్‌మెంట్లలో కూర్చోబెట్టినట్టే, టవర్ మీద భారం పెరిగినప్పుడు ఎక్కువ డబ్బు కట్టిన ఖాతాదారులకు ముందు, చౌక ప్లాన్ల వారికి తరువాత డేటా అందుతుంది. మామూలు రోజుల్లో ఇది తెలియనే తెలియదు. యూనివర్సిటీలో ఫుట్‌బాల్ ఆట ఉన్న శనివారం స్టేడియం దగ్గర మాత్రం పేజీ తెరుచుకోవడానికి నిమిషాలు పడుతుంది. విద్యార్థికి ఆ కాస్త అసౌకర్యం భరించదగినదే. ఉద్యోగరీత్యా రోజంతా ఫోన్ డేటా మీద ఆధారపడేవారు మాత్రం ప్రాధాన్యం ఉన్న డేటా ఎంత ఇస్తున్నారో చూసుకోవాలి.

అన్‌లిమిటెడ్ అన్న మాట చూసి తొందరపడకండి. ఫలానా జీబీ దాటితే వేగం తగ్గిస్తామనో, వీడియో నాణ్యత తగ్గిస్తామనో, హాట్‌స్పాట్‌కు కొంతే ఇస్తామనో కింద చిన్న అక్షరాలలో ఉంటుంది. మీకు క్యాంపస్‌లో వైఫై ఉంటుంది, అపార్ట్‌మెంట్‌లో నలుగురు కలిసి తీసుకున్న వైఫై ఉంటుంది. దారిలో మ్యాపులు, వాట్సాప్, మెయిల్ చూసుకునే విద్యార్థికి నెలకు 5 జీబీ చాలని నా అనుభవం. బస్సులో హెచ్‌డీ సినిమాలు చూస్తే మాత్రం గంటకు 3 జీబీ దాకా పోతుంది, అప్పుడు ఏ లెక్కా నిలవదు. మొదటి నెల తరువాత ఫోన్ సెట్టింగులలో ఎంత వాడారో చూసి, ఆ అంకెను బట్టి ప్లాన్‌ను పెంచుకోవచ్చు లేదా తగ్గించుకోవచ్చు.

ధర చూసేటప్పుడు నెలకు ఎంత అన్నది కాక, ఈ రోజు కార్డు నుంచి ఎంత పోతుంది, తిరిగి కట్టే రోజు ఎంత పోతుంది అన్నవి వేసుకోండి. నెలకు 15 డాలర్లన్న ప్రకటన కింద మూడు నెలలకు కలిపి ముందే కట్టాలని ఉంటే, ఆ రోజు మీరు కట్టేది 45 డాలర్లు, దానిపైన పన్నులు. ఆ మూడు నెలల తరువాత అదే ధర కావాలంటే ఏడాది మొత్తం, అంటే 180 డాలర్లు, ఒకేసారి కట్టమంటారు. లేదంటే ధర పెరుగుతుంది. పన్నులు, రుసుములు రాష్ట్రాన్ని బట్టి మారతాయి. విజిబుల్ వంటి కొన్ని ప్లాన్లు వాటిని ధరలోనే కలిపి చెబుతాయి కాబట్టి 25 డాలర్లు పన్నులతో కలిపి అన్న ప్లాన్‌ను, 22 డాలర్లు పన్నులు అదనం అన్న దానితో పోల్చేటప్పుడు చివరి మొత్తమే చూడాలి. ఆటోపే (ప్రతి నెలా కార్డు నుంచి దానంతట అదే చెల్లింపు) పెట్టుకుంటే తగ్గింపు ఇచ్చే కంపెనీలు ఇండియా కార్డును తీసుకోకపోవచ్చు. ఇక్కడ బ్యాంకు ఖాతా తెరిచేవరకు వాల్‌మార్ట్ వంటి దుకాణాలలో నగదు ఇచ్చి రీఛార్జ్ కార్డు కొనుక్కోవచ్చు. ఇండియాకు ఉచిత కాల్స్ అని ఉంటే సెల్ నంబర్లకు కూడా వర్తిస్తాయో, ల్యాండ్‌లైన్లకేనో చదవండి. వాట్సాప్ ఉన్నా, ఊళ్లో మామూలు ఫోన్ వాడే అమ్మమ్మలకు ఆ సౌకర్యం ఉపయోగపడుతుంది.

ఇక నంబర్ ఎవరి పేరు మీద ఉండాలన్న విషయం. నేను వచ్చిన కొత్తలో రూమ్మేట్లందరం ఒకరి పేరు మీద ఫ్యామిలీ ప్లాన్ తీసుకున్నాము. తలా కొంత అతని చేతికి ఇచ్చేవాళ్లం, చాలా చౌకగా పడేది. ఏడాదిన్నర తరువాత అతనికి వేరే రాష్ట్రంలో ఉద్యోగం వచ్చింది, వెళ్లే హడావిడిలో ఖాతా మూసేశాడు. నేను మూడు వారాల ముందు ఇచ్చిన రెజ్యూమెలన్నింటిలో ఆ నంబరే ఉంది. బ్యాంకులోనూ, అపార్ట్‌మెంట్ లీజులోనూ అదే. దుకాణానికి పరిగెత్తి వెళితే, ఖాతాదారుడు నేను కాను కాబట్టి నాతో మాట్లాడడానికి కూడా వీలులేదన్నారు. అతను మంచివాడే, విషయం తెలిసి ఎంతో బాధపడ్డాడు, కాని నంబర్ తిరిగి రాలేదు. అందుకే నెలకు ఐదు డాలర్లు ఎక్కువైనా ఖాతా మీ పేరు మీదే ఉండాలని గట్టిగా చెబుతున్నాను. ఖాతాకు యూనివర్సిటీ మెయిల్ కాక మీ సొంత మెయిల్ ఇవ్వండి. చదువు పూర్తయ్యాక ఆ మెయిల్ ఆగిపోతే పాస్‌వర్డ్ మార్చుకోవడానికి కూడా దారి ఉండదు. కన్సల్టెన్సీలు, రుణ సంస్థలు ఉచితంగా ఇచ్చే సిమ్‌లను మొదటి వారానికి వాడుకోండి, కాని ఆ నంబర్ మీ పేరు మీద ఉందని, మరో కంపెనీకి మార్చుకోవచ్చని తేలేవరకు దానిని బ్యాంకుకు ఇవ్వకండి.

మీ పేరు మీద ఉన్న నంబర్‌ను ఏ కంపెనీకైనా తీసుకువెళ్లే హక్కు 2003 నుంచి ఉంది. పాత కంపెనీ నుంచి ఖాతా సంఖ్య, నంబర్ బదిలీ పిన్ తీసుకొని కొత్త కంపెనీకి ఇస్తే, సాధారణంగా ఒక పని దినంలో అయిపోతుంది. పాత కనెక్షన్‌ను మీరు ముందుగా రద్దు చేయకూడదు, రద్దు చేస్తే బదిలీ చేయడానికి నంబరే ఉండదు. బదిలీ పూర్తయ్యాక పాతది దానంతట అదే మూతపడుతుంది.

ఇండియా సిమ్‌ను పారేయకండి. మీ విద్యారుణం, బ్యాంకు ఖాతా, ఆధార్ అన్నింటి ఓటీపీలు దానికే వస్తాయి. శంషాబాద్‌లో విమానం ఎక్కకముందే అంతర్జాతీయ రోమింగ్ సేవను ఆన్ చేయించుకోండి. ఇక్కడికి వచ్చాక ఆ సిమ్‌లో డేటా రోమింగ్ ఆపేసి ఉంచండి, దానికి వచ్చే కాల్స్ ఎత్తకండి. ఎత్తితే మీకే ఛార్జీ పడుతుంది. ఎస్సెమ్మెస్ రావడానికి మాత్రం సాధారణంగా ఛార్జీ ఉండదు. డేటా అక్కరలేనివారి కోసం కాల్స్, ఎస్సెమ్మెస్‌లకు మాత్రమే రీఛార్జ్ ఉండాలని మన టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 డిసెంబర్‌లో ఆదేశించింది కాబట్టి, ఆ ప్లాన్లలో ఎక్కువ రోజులు ఉండేది చూసి నాన్నగారి చేత వేయించండి. వ్యాలిడిటీ ముగిసే తేదీని మీ ఫోన్ క్యాలెండర్‌లోనూ రాసుకోండి.

సెలవులకు ఇండియా వెళ్లేటప్పుడు ఇదే జాగ్రత్త అమెరికా నంబర్‌కూ కావాలి. ప్రీపెయిడ్‌లో గడువు దాటి కొన్ని రోజులు కట్టకపోతే నంబర్ పోతుంది, ఆ రోజులెన్నో ఒక్కో కంపెనీకి ఒక్కో విధం. వెళ్లే ముందు అన్నిటికన్నా తక్కువ ధర ప్లాన్‌కు మారి, ఆటోపే పెట్టి, వైఫై కాలింగ్ (టవర్ బదులు వైఫై ద్వారా కాల్స్, ఎస్సెమ్మెస్‌లు) ఆన్ చేసి ఇంట్లో ఒకసారి కాల్ చేసి చూడండి. వైఫై కాలింగ్ ఆన్ చేసేటప్పుడు అడిగే చిరునామా ఇక్కడి అత్యవసర నంబర్ 911కు ఫోన్ చేస్తే సహాయం పంపడానికి ఉపయోగించేది, కాబట్టి ఇల్లు మారిన ప్రతిసారీ దానిని మార్చాలి. విదేశాల నుంచి వైఫై కాలింగ్ ఆ ప్లాన్‌లో పనిచేస్తుందో లేదో కంపెనీని అడిగి తెలుసుకుంటే, మీ ఊరి ఇంట్లో కూర్చొని కూడా ఇక్కడి బ్యాంకు ఓటీపీ అందుకోవచ్చు.