పటాల్లో ఇంకా పరిశోధించడానికి ఏముంది?

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ సివిల్ మూడో సంవత్సరం చదువుతోంది. సాఫ్ట్‌వేర్ కోచింగ్‌లో చేరమంటే వినడం లేదు. డిజిటల్ మ్యాపింగ్‌లో ఎంటెక్ చేసి, పరిశోధన వైపు వెళతానంటోంది. ఫోనులోనే ప్రపంచమంతా కనిపిస్తుంటే ఇంకా కనిపెట్టేది ఏముంటుంది? మాది రెండెకరాల వ్యవసాయం. అప్పు చేసి చదివించవచ్చా?
– ఒక తండ్రి, ప్రకాశం జిల్లా

జవాబు: ఫోను మీ ఊరికి దారి చూపిస్తుంది. మీ పొలం గట్టు ఎక్కడుందో మాత్రం దానికి సరిగ్గా తెలియదు. ఆరుబయట నిలబడినా ఫోను చూపే చోటు కొన్ని మీటర్లు అటూ ఇటూ అవుతుంది. 60 మీటర్ల గట్టు మూడు మీటర్లు పక్కకు జరిగితే 180 చదరపు మీటర్లు, అంటే నాలుగు సెంట్లకు పైగా నేల. అన్నదమ్ములు కోర్టు మెట్లెక్కడానికి అది చాలదా?

గొలుసులతో కొలిచిన కాలంనాటి ఎఫ్ఎంబీ (సర్వే వారి పొలం కొలతల పుస్తకం) పటాన్ని ఉపగ్రహ చిత్రం మీద పరిచి చూడండి. ఒక మూల కలిపితే ఇంకో మూల జారిపోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 చివర్లో మొదలైన భూముల రీసర్వేలో డ్రోన్లు వాడారు, సెంటీమీటర్ల తేడాతో స్థానం చెప్పే పరికరాలూ వాడారు. కొలత బాగుపడింది. కానీ కొత్త గీతకూ పాత రికార్డుకూ పొంతన కుదరని చోట ఏది సరైనదో తేల్చే పద్ధతి కావాలి. మీ అమ్మాయి లాంటివాళ్లు చేయాల్సిన పని అదే.

పంటల సంగతీ ఇంతే. యూరప్‌వారి సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు ఎవరికైనా ఉచితం. అందులో ఒక్కో చుక్క పది మీటర్ల చదరం, అంటే రెండున్నర సెంట్లు. మీ రెండెకరాలు ఆ చిత్రంలో దాదాపు 80 చుక్కలు. గట్టు పక్క చుక్కల్లో మీ పంట, పక్కవారి పంట కలిసిపోతాయి. పైగా నాట్ల వేళకు ఆకాశమంతా మబ్బులే. మబ్బుల గుండా చూడగలిగేది రాడార్. 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన నైసార్ అనే రాడార్ ఉపగ్రహం ఆ పనికి పనికొచ్చేదే, 12 రోజులకోసారి అదే దారిన తిరిగి వస్తుంది. అయితే రాడార్ సంకేతాన్ని చూసి ఇది మిరప, ఇది వరి అని మన చిన్న కమతాల్లో విడదీయడం అంత తేలిక కాదు. పొలంలో నడిచి ఏ మడిలో ఏముందో రాసుకొచ్చినవారి లెక్కలు లేకపోతే కంప్యూటర్‌కు నేర్పేది ఏముంటుంది? రైతు ఇంటి పిల్లకు ఇక్కడ ఉన్న అనుకూలత నగరం పిల్లలకు ఉండదు.

ఇక అప్పు మాట. పేరులో జీఐఎస్ (కంప్యూటర్‌లో పటాలు, వాటి సమాచారం నడిపే పద్ధతి) ఉన్న ఉద్యోగాలు చాలావరకు తెర మీద గీతలు గీసే పనులు. జీతం తక్కువ, ఎదుగుదల ఇంకా తక్కువ. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష, గణాంకశాస్త్రం వచ్చినవారే అక్కడి నుంచి ముందుకు వెళతారు. అందుకని అమ్మాయి ప్రోగ్రామింగ్ నేర్చుకోవాలన్న మీ పట్టుదల సరైనదే, అది ఈ దారిలోనూ కావాలి. ఏ ప్రైవేటు కళాశాలకో లక్షలు అప్పు చేసి ఎంటెక్ చదివించడం మాత్రం నేను ఒప్పుకోను. ఎంటెక్ ప్రవేశానికి రాసే గేట్ పరీక్షలో 2022 నుంచి జియోమాటిక్స్ (భూమి కొలతలు, పటాల శాస్త్రం) పేపరు ఉంది. మూడో సంవత్సరంలోనే రాయవచ్చు. మంచి స్కోరు వస్తే ఐఐటీ బొంబాయి, రూర్కీ వంటి చోట్ల ఉపకారవేతనంతో చదువుకోవచ్చు. హైదరాబాద్‌లో ట్రిపుల్ ఐటీలో ఇదే రంగానికి ఒక పరిశోధనశాల ఉంది, బాలానగర్‌లో ఇస్రో వారి ఉపగ్రహ చిత్రాల కేంద్రం ఎన్ఆర్ఎస్‌సీ ఉంది. దేహ్రాదూన్‌లోని ఇస్రో శిక్షణ సంస్థ ఐఐఆర్ఎస్ ఆన్‌లైన్ కోర్సులు ఉచితం, ఈ నెలలోనే ఒకటి మొదలుపెట్టమనండి.

ఈ సెలవుల్లో క్యూజీఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో మీ పొలం పటం గీయమనండి. గీశాక ఇద్దరూ గట్ల మీద నడిచి కొలవండి, టేపు రెండో కొస మీరు పట్టుకోండి. తేడా ఎక్కడ వచ్చిందో, ఎందుకు వచ్చిందో ఆమె ఒక పేజీలో రాయగలిగితే, చేర్చుకునే ముందు ఆచార్యులు అడిగే మొదటి ప్రశ్నకు జవాబు ఆమె దగ్గర ఉన్నట్టే.